జమ్మలమడుగు నుంచి సముద్రం చదవొచ్చా? టీచింగ్, రీసెర్చ్ లైన్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

పెన్నాగట్టు:

అందరికీ నమస్కారం. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. డిగ్రీ ఫైనల్ ఇయర్, కెమిస్ట్రీ మేజర్. చాలా రోజుల్నుంచి అడగాలనుకుంటా ఆగిపోతాండాను, పొడుగైంది, ఏమనుకోవద్దండి.

మా నాయన ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నాపరాయి కోసి పాలిష్ పట్టేది. మా ఇంట్లో నేల, అరుగు, అల్మారా పలకలు, ఆఖరికి తొట్టి కూడా ఆ బండలే. సెకండియర్‌లో మా కాలేజీకి ఒక జియాలజీ సార్ వచ్చి మాట్లాడినాడు, మీరు రోజూ కాలు పెట్టే బండ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద అని చెప్పినాడు. ఆ రోజు ఇంటికొచ్చి అరుగు మీద కూచుని చాలాసేపు ఆ బండనే చూసినాను. అప్పటికి నేను సముద్రం చూడనే లేదు.

పోయిన కార్తీకంలో నెల్లూరులో ఉండే మా మేనమామ వాళ్లింటికి పోతే మైపాడు బీచ్‌కి తీసకపోయినారు. అందరూ నీళ్లలో ఆడతాంటే నేను వాటర్ బాటిల్ నిండా నీళ్లు పట్టుకొని ఇంటికి తెచ్చినాను. మా మేడంని బతిమాలి కాలేజీ ల్యాబ్‌లో పది రెట్లు పలచన చేసి సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ చేసినాను, మూడు సార్లు చేసినా లీటరుకు 16 గ్రాముల క్లోరైడే వచ్చింది. పుస్తకంలో సముద్రపు నీళ్లకు 19 అని ఉండాది. నాదే తప్పు అనుకున్నాను, మేడం కూడా నీ బ్యూరెట్ రీడింగ్ చూసుకో అన్నారు, కానీ మూడు సార్లూ ఒకే తప్పు ఎట్ల వస్తాదో అర్థం కావడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు సముద్రం గురించి చదివి, దాని మీదనే రీసెర్చ్ చేసి, యూనివర్సిటీలో పాఠం చెప్పాలని ఉండాది. ఇంట్లో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటాండారు, వాళ్లు చెప్పేది తప్పని నేను అనడం లేదు, మా నాయనకి ఫ్యాక్టరీ దుమ్ముతో దగ్గు, ఇంకెన్నాళ్లు పని చేస్తాడో తెలీదు. కెమిస్ట్రీ వాళ్లను ఓషనోగ్రఫీలో (సముద్ర శాస్త్రంలో) తీసుకుంటారా, ఎన్నేళ్లు పడుతుంది, మధ్యలో డబ్బులు ఎట్ల, ఆడపిల్లల్ని ఓడ మీదకు పంపిస్తారా, చివరికి ఉద్యోగం ఉంటుందా? గువ్వలచెరువు ఘాట్‌లో బస్సెక్కితేనే నాకు వాంతులు, అది కూడా చెప్పాలి కదా. ఈ దావలో నడిచినవాళ్లు ఎవరన్నా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.


కర్నూలు_టు_గోవా:

చెల్లీ, నాది నంద్యాల. గోవా దోనా పౌలాలో ఎన్‌ఐఓలో (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో) పీహెచ్‌డీ నాలుగో ఏడు. నేనూ నీలాగే, ఎమ్మెస్సీ వరకు సముద్రం సినిమాల్లో చూసిందే.

ముందు డబ్బు సంగతి చెప్తా ఎందుకంటే ఇంట్లో మొదట అడిగేది అదే. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌కి (సీనియర్ ఫెలోషిప్‌కి) 42,000, దాని మీద ఇంటద్దె వేరే. 2023 నుంచి ఇదే రేటు. నేను ప్రతి నెలా ఇంటికి పంపిస్తున్నా, మా తమ్ముడి బీటెక్ ఫీజు దాంతోనే కట్టాం. కానీ ఒక్కోసారి రెండు మూడు నెలలు ఆగి ఒకేసారి పడుతుంది, అప్పుడు చేతిలో కొంచెం పెట్టుకోకపోతే చాలా ఇబ్బంది, ఇది నీకు ఎవరూ ముందు చెప్పరు కాబట్టి చెప్తున్నా. ఇంకోటి, నెట్‌లో నీ ముందు రెండు దారులు, కెమికల్ సైన్సెస్ పేపరు రాయొచ్చు లేదా ఎర్త్, అట్మాస్ఫియరిక్, ఓషన్, ప్లానెటరీ సైన్సెస్ పేపరు రాయొచ్చు. ఎమ్మెస్సీ ఏం చేస్తావో దాన్ని బట్టి తేల్చుకో, రెండిటి మీదా కాలు పెట్టొద్దు, నేను అట్లా చేసి ఒక ఏడాది పోగొట్టుకున్నా.

ఆడపిల్లల సంగతి. 1983లో మన దేశం అంటార్కిటికాకి మూడో యాత్ర పంపినప్పుడే అందులో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, అదితి పంత్, సుదీప్తా సేన్‌గుప్తా. అదితి పంత్ గారు సముద్ర శాస్త్రవేత్తే, మా సంస్థలోనే పని చేశారు. 40 ఏళ్ల కిందటే వాళ్లు అంత దూరం పోయి వచ్చారు కాబట్టే నన్ను ఓడ ఎక్కించేటప్పుడు ఎవరూ ప్రశ్నించలేదు అని నేను నమ్ముతాను. నేను వెళ్లిన రెండు క్రూయిజుల్లో (ఓడ మీద పరిశోధన యాత్రల్లో) సైంటిస్టు టీంలో సగం దాకా అమ్మాయిలమే. ఇద్దరికో క్యాబిన్, బాత్రూం లోపలే. అమ్మకు ఫోన్ చేయడమే కష్టం, మొదటి క్రూయిజులో పన్నెండు రోజులు ఇంటికి ఒక్క మాట లేదు, ఆ పన్నెండు రోజులూ మా అమ్మ సరిగ్గా అన్నం తినలేదంట. ఇప్పుడు కొంచెం నయం.

వాంతులు అందరికీ అవుతాయి. మొదటి మూడు రోజులు నేను బకెట్ పక్కన పెట్టుకుని పని చేశా. అవోమిన్ మాత్ర వేసుకుంటే కొంచెం నిద్ర మత్తుగా ఉంటుంది, కడుపు ఖాళీగా పెట్టుకోకూడదు, ఎండు బ్రెడ్డో మరమరాలో నములుతూ ఉండాలి, గదిలో ముడుచుకుని పడుకోకుండా పైకొచ్చి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత చూస్తూ నిలబడాలి. నాలుగో రోజుకి ఒళ్లు అలవాటు పడింది. దిగినాక వారం దాకా నేల ఊగినట్టే ఉండింది.

కష్టం అక్కడ లేదు, తిరిగొచ్చాక ఉంది. 25 రోజుల క్రూయిజులో తెచ్చిన శాంపిల్స్‌ని ల్యాబ్‌లో చేయడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. మధ్యలో ఒక మిషన్ పాడై పార్టు రావడానికి ఐదు నెలలు. మొదటి పేపరు రెండు చోట్ల తిప్పి కొట్టారు. అక్క పెళ్లికి పోలేకపోయా, ఓడ డేటు మారింది, అదొక్కటి ఇప్పటికీ బాధే. ఇవన్నీ తెలిసి రా, అంతే. రావద్దని మాత్రం చెప్పను.


బుక్కపట్నం_చెరువు:

నేను కొంచెం వేరే మాట చెప్తాను, పాపను భయపెట్టాలని కాదు.

నేను అనంతపురం జిల్లాలో డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. నా పీహెచ్‌డీ మెరైన్ బయాలజీలో. తమిళనాడు తీరంలో రొయ్య పిల్లల మీద, ప్లాంక్టన్ (నీళ్లలో తేలాడే సన్న జీవులు) మీద ఆరేళ్లు పని చేశాను. డాక్టరేట్ వచ్చాక యూనివర్సిటీ పోస్టు కోసం ఏడేళ్లు చూశాను, ఒక చోట నోటిఫికేషన్ వచ్చి ఆగింది, ఇంకో చోట ఇంటర్వ్యూ దాకా పోయి కోర్టు కేసు పడింది, ఆ ఏడేళ్లు గెస్ట్ ఫ్యాకల్టీగా గంటకింత అని తీసుకుని బతికాను, అప్పటికే నాకు ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి డిగ్రీ కాలేజీకి వచ్చాను. సముద్రానికి 250 కిలోమీటర్ల దూరంలో పడ్డాను.

కాబట్టి అమ్మా, యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే బేసిక్ 57,700తో మొదలవుతుంది, మంచి జీతం, మంచి గౌరవం, కానీ ఆ కుర్చీలు తక్కువ, సముద్ర శాస్త్రానికి ఇంకా తక్కువ, ఎందుకంటే ఆ డిపార్ట్‌మెంటు ఉన్న యూనివర్సిటీలే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నెట్ గానీ, రాష్ట్రం పెట్టే సెట్ గానీ చేతిలో పెట్టుకో, పీహెచ్‌డీ ఉంది కదా అని వాటిని వదిలేయొద్దు. వీలైతే మామూలు కెమిస్ట్రీలో కూడా నిన్ను అర్హురాలిగా చూసేట్టు ఎమ్మెస్సీ ఎంచుకో. ఇంట్లోవాళ్లు బీఈడీ అంటున్నారంటే వాళ్లకు నీ మీద నమ్మకం లేక కాదు, ఏడేళ్లు ఖాళీగా కూచునే శక్తి ఇంటికి లేదని వాళ్లకు తెలుసు.

ఇంకా ఒక మాట. నేను చదివింది వృథా పోయిందని మాత్రం అనుకోవద్దు. ప్రతి ఏడూ వానలు పడినాక పిల్లల్ని బుక్కపట్నం చెరువుకి తీసుకెళ్తాను, ప్లాంక్టన్ నెట్ వేయించి మైక్రోస్కోప్ కింద చూపిస్తాను. రోటిఫర్ అనే సన్న జీవి ఒకటి కనపడి తల చుట్టూ చక్రం తిరుగుతున్నట్టు ఆడుతుంటే పిల్లలు ఒకర్నొకరు తోసుకుంటారు చూడ్డానికి. పోయినేడు వాళ్లలో ఒకమ్మాయి పరంగిపేట్టైలో, అన్నామలై యూనివర్సిటీ వాళ్ల మెరైన్ బయాలజీ సెంటర్‌లో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకుంది. ఆ రోజు నా సీటు నాకు వచ్చినంత సంతోషమైంది.


వేంపల్లె_రాయి:

ఆ గెస్ట్ లెక్చర్ ఇచ్చింది నేను కాదు గానీ నేనూ కడపలో జియాలజీ చెప్పేవాణ్నే, ఆ పాప రాసింది చదివి కడుపు నిండిపోయింది.

అమ్మా, మీ ఇంటి బండ సంగతి నిజమే, ఇంకా పాత సముద్రం కావాలంటే వేంపల్లె వైపు రా. పాపాఘ్ని ఒడ్డున ఆ డోలమైట్ రాళ్లల్లో క్యాబేజీ అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రాలు కనపడతాయి, వాటిని స్ట్రొమాటోలైట్లు అంటారు. లోతు లేని వెచ్చని సముద్రంలో నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా జిగురు పరుపుల మాదిరి పెరిగి, దాని మీద సున్నం పేరుకుని, దాని మీద మళ్లా పెరిగి అట్లా కట్టుకున్నవి. వాటికన్నా పైన ఉండే తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిల ఒకటి పులివెందుల దగ్గర ఉండాది, దాని వయసే 188 కోట్ల ఏళ్లని తేల్చినారు. అంటే ఈ గుండ్రాలు అంతకన్నా పాతవి. చేప లేదు, పీత లేదు, గట్టు మీద గడ్డి పోచ లేదు, సముద్రంలో ఉండిందంతా ఆ జిగురే. ఈ రోజు మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ నింపడం మొదలుపెట్టింది ఆ జాతే.

మీ ఇంటి నాపరాయి వీటికన్నా చాలా తర్వాత వచ్చిన ఇంకో సముద్రం. నార్జి సున్నపురాయి అని మేం పిలుస్తాం. బెలూం గుహలు తొలిచింది కూడా ఆ సున్నపురాళ్లల్లోనే. మీ నాయన చేతికింద ఎన్ని వేల ఏళ్ల సముద్రం అడుగు పోయిందో ఆలోచించు.

మెరైన్ జియాలజీ అని కూడా ఉంటుంది, దాన్ని మరిచిపోవద్దు. సముద్రం అడుగున గొట్టం దించి బురద కడ్డీ మాదిరి తీసి పొర పొర చదివేది. కెమిస్ట్రీ తెలిసినవాళ్లకు అక్కడ చాలా పని.


వాల్తేరు_పాతకాపు:

అమ్మా పెన్నాగట్టూ, ఇప్పుడే చూశాను, రాత్రి పూట రాస్తున్నా, వరస తప్పితే సర్దుకో. నాది ఉరవకొండ పక్కన పల్లెటూరు. విశాఖలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి 33 ఏళ్లు కోస్తాలో సముద్ర రసాయన శాస్త్రం పాఠం చెప్పి రిటైరయ్యాను. అంటే నీ లైనే.

అన్నిటికన్నా ముందు నీ 16 గ్రాముల సంగతి. నీది తప్పు కాదమ్మా. మీ మేడంకి నా నమస్కారాలు చెప్పి ఇది చూపించు. పుస్తకంలో ఉండే 19 నడి సముద్రం లెక్క. నువ్వు పట్టింది కార్తీకంలో, మైపాడులో. ఆ నెలల్లో రెండు జరుగుతాయి. ఒకటి, ఈశాన్య రుతుపవనం వానలు పడి పెన్న నీళ్లు అక్కడికి దగ్గర్లోనే సముద్రంలో కలుస్తాయి. రెండోది పెద్దది, అక్టోబరు దాటాక మన తూర్పు తీరం వెంబడి ప్రవాహం దిశ మారి ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది, అది గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ పోసిన మంచినీళ్లను కలుపుకుని ఒడ్డునే ఒరుసుకుంటూ కిందికొస్తుంది. నీ లీటరు లెక్కను కిలో లెక్కలోకి మార్చి 1.80655తో గుణిస్తే ఉప్పు వెయ్యికి 28 చిల్లర వస్తుంది. నవంబరులో ఆ ఒడ్డున అది సబబైన అంకె. క్లోరైడును సిల్వర్ నైట్రేట్‌తో కొలిచి దాన్నించి ఉప్పు లెక్క కట్టడం వందేళ్లకు పైబడిన పద్ధతి, కరెంటు దాటించి కొలిచే మిషన్లు వచ్చేదాకా ప్రపంచంలో ప్రతి ఓడ మీదా నువ్వు చేసిన పనే చేశారు. నీ బాటిల్లో మీ జమ్మలమడుగు వంక నీళ్లు కూడా కొన్ని ఉండి ఉంటాయి. మూడు సార్లూ ఒకే అంకె వస్తే తప్పు పుస్తకానిదేమో అని అనుమానం రావడం ఉంది చూడు, దాన్ని పోగొట్టుకోకు.

నేను సముద్రం చూసింది 21 ఏళ్లప్పుడు, 1981లో, విశాఖ స్టేషన్లో దిగి ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని నేరుగా బీచికే పోయాను. మా నాయన వేరుశనక్కాయ రైతు. ఏటా జూన్‌లో ఆకాశం చూసి అప్పు చేసేవాడు. నాకు సముద్రం మీద ప్రేమ ఏం లేదు అప్పటికి, మా చేనుకి వాన ఎందుకు రాదో అక్కడ తెలుస్తుందని ఎవరో చెబితే చేరాను. తెలిసింది కూడా. బంగాళాఖాతం పైన ఆ నదుల మంచినీళ్లు పలచని దుప్పటిలా పరుచుకుని ఉంటాయి, అవి తేలిక, కింది ఉప్పునీళ్లతో తొందరగా కలవవు, దాంతో ఎండ వేడి పై పొరలోనే నిలిచి సముద్రం 28 డిగ్రీల పైనే ఉంటుంది, ఆ వేడే అల్పపీడనాలకు తిండి. అరేబియా వైపు ఉప్పు ఎక్కువ, గాలికి బాగా కలిసిపోతుంది, అందుకే వానాకాలంలో అది చల్లబడుతుంది. మా జిల్లా ఈ రెండిటికీ మధ్యలో, రెండు వైపులా కొండలు అడ్డం పడి ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఇది నేను మా నాయనకి అరుగు మీద కూచుని చెప్పిన రోజు ఆయన అంతా విని, అయితే తప్పు మన చేనుది కాదన్నమాట అన్నాడు. నా జీవితంలో నేను చెప్పిన మొదటి పాఠం అదే.

వాల్తేరులో ఈ చదువు మొదలైన కథ నీకు తెలియాలి. 1952లో లఫాండ్ అనే అమెరికా ప్రొఫెసర్ ఆంధ్ర యూనివర్సిటీకి వచ్చారు. అప్పటికి ఇక్కడ రీసెర్చ్ ఓడ లేదు. నేవీ ఓడలు అడిగి తీసుకుని కుర్రాళ్లతో బంగాళాఖాతంలోకి వెళ్లి వేడి, ఉప్పు, లోతు కొలిపించారు. మన తీరానికి అవతల నీళ్ల కింద ఉన్న లోయలకు ఆయన పెట్టిన పేర్లు చూడు, ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మహదేవన్ అంటే అప్పటి మన జియాలజీ ప్రొఫెసర్. ఆ తర్వాత 1960ల మొదట్లో చాలా దేశాలు కలిసి హిందూ మహాసముద్ర యాత్ర చేశాయి, అది ముగిశాక 1966 జనవరి 1న ఎన్‌ఐఓ పుట్టింది. అంటే మా గురువుల తరమే ఈ దేశంలో ఈ పనికి మొదటి తరం, వాళ్లకు కూడా ముందు దారి వేసినవాళ్లు ఎవరూ లేరు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. 1987లో సాగర్ కన్య మీద నా మొదటి క్రూయిజు. వంద మీటర్ల పొడవు ఓడ, నాకు ఊరంత పెద్దగా కనపడింది. నా పని నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవడం, వింక్లర్ పద్ధతి. లోతు నుంచి బాటిల్ పైకి రాగానే సన్న గొట్టంతో గాజు సీసా అడుగు నుంచి నింపాలి, పొంగి పొర్లాలి, ఒక్క గాలి బుడగ ఉండకూడదు, వెంటనే మాంగనీస్, అయొడైడు పోసి మూత పెట్టాలి. రాత్రి రెండు గంటలకు స్టేషన్, అంటే ఓడ ఆపి నీళ్లు పట్టే చోటు, ఓడ ఊగుతోంది, నాకు తల తిరుగుతోంది, తొందరలో బుడగలు చూసుకోలేదు. మన బంగాళాఖాతంలో వంద మీటర్లు దాటితే ఆక్సిజన్ దాదాపు అడుగంటిపోతుంది, అటువంటి నీళ్లలో ఒక్క బుడగ చాలు లెక్కంతా తారుమారు కావడానికి. తెల్లారి లెక్క కడితే అంకెలు ఎక్కడా కుదరలేదు. ఓడ అప్పటికే ముందుకు పోయింది, ఆ చోటికి మళ్లీ రాలేం, ఆ స్టేషన్ ఆక్సిజన్ గడులు మా రీసెర్చ్ గైడ్ గారి పుస్తకంలో ఖాళీగానే మిగిలాయి. ఆయన తిట్టలేదు, ఆ గడుల మీద వేలు పెట్టి, ఇక్కడ ఏముండిందో ఇంక ఎవరికీ తెలీదు అన్నారు. 33 ఏళ్లు ప్రతి బ్యాచికీ వింక్లర్ చెప్పే ముందు ఇది చెప్పాను. నువ్వు డిగ్రీలో చేసే అయొడోమెట్రీ, థయోసల్ఫేటు, స్టార్చి, నీలం రంగు పోవడం, అంతా అదే. కాబట్టి కెమిస్ట్రీ వాళ్లు పనికొస్తారా అనే ప్రశ్నే వద్దు. కొచ్చిన్ యూనివర్సిటీలో రసాయన సముద్ర శాస్త్రానికి విడిగా డిపార్ట్‌మెంటే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో భూమి, సముద్రం, వాతావరణం కలిపి ఒక సెంటర్ ఉంది. అర్హతలు వాళ్ల ప్రాస్పెక్టస్‌లో చూసుకో, ఏటా కొద్దిగా మారుతుంటాయి.

ఈ బతుకు ఎలా ఉంటుందని అడిగావు. నేను సర్వీసు మొత్తంలో ఓడ మీద గడిపిన రోజులన్నీ కలిపితే ఎనిమిది నెలలు కూడా ఉండవు. మిగతాదంతా క్లాసు, ల్యాబు, పేపర్లు దిద్దడం, ప్రాజెక్టుకి అప్లికేషన్ రాయడం, వచ్చిన డబ్బుకి లెక్క అప్పజెప్పడం, పీహెచ్‌డీ పిల్లల రాతప్రతులు ఎర్ర పెన్నుతో చూడటం. సముద్రం కోసం వచ్చి క్లాసు రూమును విసుక్కునేవాళ్లు ఇందులో సంతోషంగా ఉండలేరు, నేను చాలామందిని చూశాను. నాకు మాత్రం మధ్యాహ్నం రెండు గంటల క్లాసే ఇష్టం. మత్స్యకారుల పిల్లలు ఉండేవాళ్లు కొందరు, నీరు ఏ రంగులో ఉంటే ఏ చేప పడుతుందో వాళ్లు చెప్పేవాళ్లు, అది ఎందుకో నేను చెప్పేవాణ్ని. అందులో ఒకడు ఇప్పుడు హైదరాబాద్ ఇన్‌కాయిస్‌లో పని చేస్తున్నాడు. చేపలు ఎక్కడ దొరుకుతాయో శాటిలైట్ చూసి మత్స్యకారులకు సమాచారం పంపేది, సునామీ హెచ్చరిక ఇచ్చేది ఆ సంస్థే. సముద్రం లేని హైదరాబాదులో కూచుని చేస్తున్నారు చూడు, కాబట్టి జమ్మలమడుగు దూరమని అనుకోకు.

బుక్కపట్నం మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం, కుర్చీలు తక్కువ. కానీ కుర్చీ ఒక్క యూనివర్సిటీలోనే ఉండదు. చెన్నైలో ఎన్‌ఐఓటీ (సముద్ర టెక్నాలజీ సంస్థ), గోవాలో అంటార్కిటికా సెంటర్, కొచ్చిలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ (సముద్రపు చేపల పరిశోధన సంస్థ), దాని శాఖ విశాఖలో కూడా ఉంది. పాఠం చెప్పాలనే కోరిక బలంగా ఉంటే దానికోసం కాసుకోవాల్సి వస్తుంది, ఈలోగా రీసెర్చ్ సంస్థలో బతకొచ్చు.


చెయ్యేరు_గట్టు:

నేను సైన్స్ చదువుకున్నోణ్ని కాదు, రాజంపేట పక్కన మాది. అంతా చదివినా, ఒక్క మాట రాయాలనిపించింది.

2021 నవంబరు 19 పొద్దున అన్నమయ్య డ్యాం కట్ట తెగింది మీకందరికీ గుర్తుండాది కదా. చెయ్యేరు ఊర్ల మీద పడింది. మా వాళ్లు కొందరు పోయినారు, ఆవులు, ఇండ్లు, ఇసక మేటేసిన మడికయ్యలు ఇప్పటికీ అట్లనే కొన్ని. ఆ రోజు వాయుగుండం చెన్నై పక్కన తీరం దాటిందని టీవీలో చెప్పినారు. మేమెప్పుడూ సముద్రం మనకు సంబంధం లేని సంగతి అనుకుంటిమి. అది మా ఇంట్లోకే వచ్చింది.

పాపా, నువ్వు చదువు. మన పక్క నుంచి ఒకరన్నా ఆ నీళ్ల సంగతి తెలిసినోళ్లు ఉండాల. రేపు అట్లాంటిది వస్తా ఉంటే మన మాటలో, మన ఊరి పేర్లతో చెప్పేటోళ్లు కావాల మాకు.


పెన్నాగట్టు:

అందరికీ ఒకేసారి రాస్తాండాను, ఏమనుకోవద్దు. చెయ్యేరు అన్న రాసింది మా అమ్మకు చదివి వినిపించినాను, అమ్మ ఏమీ మాట్లాడలేదు, కొంచెంసేపైనాక మీ నాయన వచ్చినాక ఆయనకీ చదువు అనింది.

నాయనకి రాత్రి అన్నీ చదివినాను. ప్రొఫెసర్ సార్ రాసిన 16 గ్రాముల సంగతి దగ్గర రెండు సార్లు చదివించుకున్నాడు. బుక్కపట్నం సార్ రాసిన ఏడేళ్లు విని భయపడినాడు, నిజం చెప్పాలి. ఆఖరికి మేం అనుకున్నది ఏందంటే ఈ ఏడు హైదరాబాద్, కొచ్చిన్ రెండిటికీ ఎంట్రెన్స్ రాస్తా, రాకపోతే బీఈడీలో చేరి దాంతోపాటు మళ్లీ ఒకసారి రాస్తా. గోవా అక్కా, నెట్ పేపరు సంగతి నీకు విడిగా మెసేజ్ పెడతా. వేంపల్లె సార్, ఆ గుండ్రాలు చూడ్డానికి వచ్చే ఆదివారం నాయన్ని తీసుకుని వస్తాండాం, ఆయనే పోదాం అన్నాడు.

సార్ ఒక డౌట్. మే నెలలో మా మేనమామ మళ్లీ మైపాడు పోతాడంట. అప్పుడు నీళ్లు తెప్పించి కొలిస్తే ఎక్కువ రావాలి కదా?


వాల్తేరు_పాతకాపు:

రావాలి. మార్చి నుంచే ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి తిరుగుతుంది, నదుల్లో నీళ్లు ఉండవు, ఎండకి ఆవిరి కూడా ఎక్కువ. ఎంత వస్తుందో నేను చెప్పను, నువ్వే చూడు.

మామయ్యకి చెప్పు, బాటిల్‌ని ముందు ఆ సముద్రపు నీళ్లతోనే మూడు సార్లు కడగాలి, మోకాటి లోతుకి పోయి పట్టాలి, నిండా నింపి మూత గట్టిగా బిగించి టేపు చుట్టాలి, లేకపోతే దారిలో ఎండకి ఆవిరైపోయి ఉప్పు ఎక్కువ చూపిస్తుంది. రెండు బాటిళ్లు పట్టమను. తారీఖు, టైము, ఆటా పోటా, ముందు రోజు వానేమైనా పడిందా, ఇవి బాటిల్ మీదే రాయాలి, చీటీ మీద కాదు, చీటీలు పోతాయి. ల్యాబ్‌లో ఈసారి సిల్వర్ నైట్రేటును ముందు తూచి కలిపిన సోడియం క్లోరైడుతో స్టాండర్డైజ్ చేసుకుని మొదలుపెట్టు. రెండు అంకెలూ ఇక్కడే రాయి, చూస్తుంటాను.